అర్ధరాత్రి అరుపులు... టచ్‌డౌన్‌కో ముద్దు!

అభిమాన హీరో సినిమా విడుదలైన రోజున తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలస్నానం చేసి, థియేటర్ గేటు ముందు నిలబడ్డ అనుభవం మీకుందా? వుంటే మీరు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో హాయిగా బతికేయొచ్చు. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఆట అర్థం కాకపోయినా అసలు ఫరవాలేదు. మనం సినిమాని ఎలా చూస్తామో వాళ్ళు ఫుట్‌బాల్‌ని అలాగే చూస్తారు. అదే పూనకం, అదే కొట్లాట, అదే "మావాడు తోపు" అనే ధీమా!

ముందే చెబుతున్నాను, ఆ ఫుట్‌బాల్‌లో ఫుట్టుకి పెద్ద పని లేదు. రెండు వైపులా నొక్కేసిన కొబ్బరికాయలాంటి బంతిని చేత్తో విసురుతారు. చంకలో పెట్టుకుని పరిగెడతారు. అవతలి వాళ్ళు పదకొండు మందీ మీదపడి పచ్చడి చేస్తారు. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళితే మళ్ళీ నాలుగు ఛాన్సులు. ఇంతే కథ. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలు. మనం సీట్లోంచి లేచేది మాత్రం మూడున్నర గంటల తర్వాత. 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక పనిగట్టుకుని లెక్కవేసింది. అంతసేపట్లో బంతి నిజంగా కదిలేది 11 నిమిషాలట! మిగతాదంతా గుంపుగా నిలబడి గుసగుసలాడుకోవడం, రీప్లేలు, ప్రకటనలు. మూడు గంటల నిడివిలో 11 నిమిషాల కథ వున్న సినిమాలు మనమూ చూశాం లెండి. పేర్లు అడక్కండి, ఈ పేజీ తర్వాత నేను మళ్ళీ ఫిలింనగర్‌లో తిరగాలి.

ఇంతకీ నేను డాలస్‌లో దిగింది 2024 నవంబరు ఆఖరి వారంలో. మా పెద్దమ్మ కూతురు అక్కడికి దగ్గర్లోనే ఇర్వింగ్‌లో వుంటుంది. పాతికేళ్ళ సంసారం. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో... ఈ వూళ్ళలో తిరుగుతుంటే తెనాలిలో ఎక్కడో దారి తప్పినట్టుంటుంది. గోంగూర దొరుకుతుంది, కారప్పొడి దొరుకుతుంది, ఇర్వింగ్ పార్కులో నిలువెత్తు గాంధీగారి విగ్రహం కూడా దొరుకుతుంది. మన సినిమావాళ్ళకీ ఆ వూరంటే మక్కువే. నేను తిరిగొచ్చేసిన కొద్ది రోజులకి, డిసెంబరు 21న, 'గేమ్ ఛేంజర్' ప్రీ-రిలీజ్ వేడుక డాలస్ పక్కనే గార్లండ్‌లో జరిగింది. నా దురదృష్టం... సినిమావాళ్ళు వచ్చేటప్పటికి నేను వెళ్ళిపోవడం నాకు మామూలే.

అక్కయ్య ఇల్లు చూడ్డానికి ఒకటే కానీ లోపల రెండు దేశాలు. బావ తొంభైల్లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాడు. వాళ్ళ రంగు కాలిన ఇటుక రంగు. గుర్తు పొడుగు కొమ్ముల ఎద్దు. చూపుడువేలు, చిటికెనవేలు లేపి కొమ్ముల్లా చూపిస్తే అదే వాళ్ళ నమస్కారం. 1955 నుంచి ఆ ముద్ర వాడుకలో వుంది. వీళ్ళ అబ్బాయి, అంటే నా మేనల్లుడు, బుద్ధిగా నాన్న కాలేజీలో చేరకుండా కాలేజ్ స్టేషన్ అనే వూళ్ళోని టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంజినీరింగులో చేరాడు. మెరూన్ రంగు. అక్కడి విద్యార్థుల్ని 'ఆగీ'లంటారు. నన్నడిగితే ఒక 'య' తగిలించి 'యాగీ'లనాలి. వాళ్ళు చేసేది అదే కనక!

ఈ రెండు కాలేజీల వైరం మన పాతకాలపు అభిమాన సంఘాల గొడవలకి తాతలాంటిది. ఆగీలు అవతలి కాలేజీని పేరు పెట్టి పిలవరు. 'టి.యు.' అంటారు. రాసేటప్పుడు అది కూడా చిన్న అక్షరాల్లోనే! పెద్ద అక్షరం రాస్తే గౌరవం ఇచ్చినట్టవుతుందని. కొమ్ముల ముద్రని తలకిందులుగా చూపించి పళ్ళికిలిస్తారు. 2012లో ఎ అండ్ ఎం వేరే లీగుకి వెళ్ళిపోవడంతో ఇద్దరి మధ్య ఆట ఆగిపోయింది. ఆఖరిసారి 2011లో, ఆట ముగిసే క్షణంలో తగిలిన కిక్కుతో టెక్సాస్ 27-25తో గెలిచింది. దాంతో బావ పదమూడేళ్ళపాటు "ఆఖర్న గెలిచింది ఎవరు?" అని అడుగుతూ కాలక్షేపం చేశాడు. 2024లో టెక్సాస్ కూడా అదే లీగులోకి వచ్చింది. నవంబరు 30న, శనివారం రాత్రి, కాలేజ్ స్టేషన్‌లో మళ్ళీ ముఖాముఖి. పదమూడేళ్ళ తర్వాత!

పుట్టినరోజుకి కొడుకు బావకో టీషర్టు కొనిచ్చాడు. మెరూన్ రంగు మీద 'ఆగీ డాడ్' అని రాసి వుంది. అది ధర చీటీతో సహా బీరువాలో మడతపెట్టి వుంది. "మీ బావ దాన్ని తాకను కూడా తాకలేదురా తమ్ముడూ. కొడుకు అడిగితే సైజు చాలదంటాడు. నేను కొలిచాను, సరిగ్గా సరిపోతుంది" అంది అక్కయ్య. కుర్రాడు ఏమీ అనడు. కానీ సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా ఒకసారి బీరువా తలుపు తీసి చూసి వేస్తాడట.

గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు డాలస్ కౌబాయ్స్ ఆడాలి. 1966 నుంచి రెండేళ్ళు మినహా ప్రతి ఏడూ ఆడుతున్నారు. మనకి సంక్రాంతికి పెద్ద హీరో సినిమా ఎలాగో, వాళ్ళకి ఇది అలాగ. ఇది కాలేజీ ఆట కాదు, వృత్తి ఆటగాళ్ళది. ఈ జట్టు గురించి రెండు ముక్కలు చెప్పాలి. యజమాని జెర్రీ జోన్స్ 1989లో కొన్నాడు. ఆయనే ఓనరు, ఆయనే ప్రెసిడెంటు, ఆటగాళ్ళని ఎంచే జనరల్ మేనేజరూ ఆయనే. కథ, మాటలు, పాటలు, నిర్మాత, దర్శకత్వం అన్నీ ఒకరే వేసుకున్న టైటిల్ కార్డు గుర్తొస్తోందా? అదీ సంగతి. ఆఖరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. తర్వాత ఆ ఫైనల్ గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. అయినా ఫోర్బ్స్ లెక్కల్లో ప్రపంచంలోకెల్లా ఖరీదైన క్రీడా జట్టు అదే. వెయ్యి కోట్ల డాలర్లు దాటింది! ముప్ఫై ఏళ్ళుగా హిట్టు లేని హీరోకి ప్రతి సినిమాకీ హౌస్‌ఫుల్ ఓపెనింగ్స్ వస్తే ఎలా వుంటుందో వూహించుకోండి. ఆర్లింగ్‌టన్‌లో వాళ్ళ స్టేడియం 2009లో తెరిచినప్పుడు మైదానం నడినెత్తిన పెద్ద తెర వేలాడదీశారు. ఆ ఏడాదిలోనే అవతలి జట్టువాడు తన్నిన బంతి వెళ్ళి ఆ తెరకి కొట్టుకుంది. తెర పెద్దదైపోయి ఆటకి అడ్డం రావడం అనేది మన పరిశ్రమకీ కొత్త కాదు.

ఆ గురువారం టర్కీ కోడి, పక్కన పులిహోర పెట్టుకుని టీవీలో చూశాం. న్యూయార్క్ జెయింట్స్ మీద కౌబాయ్స్ 27-20తో గెలిచారు. "ఈ ఏడు మనదే!" అని బావ స్నేహితుడొకాయన సోఫా మీంచి లేచాడు. అక్కయ్య వంటింట్లోంచే "అన్నయ్యగారూ, మీరీ మాట మా పెళ్ళి ముందు నుంచీ అంటున్నారట" అంది. (ఆ ఏడూ వాళ్ళది కాలేదని వేరే చెప్పాలా?) కౌబాయ్స్ కంటే వాళ్ళ చీర్‌లీడర్ అమ్మాయిలకే ఎక్కువ పేరు. చాలీచాలని జీతాల మీద పెద్ద గొడవ జరిగి, 2025లో 400 శాతం పెరిగాయని వార్త వచ్చింది. జట్టు మొత్తం మీద న్యాయంగా పెరిగిన జీతం అదొక్కటే అని నా అభిప్రాయం.

డాలస్ అభిమాని దుఃఖం ఫుట్‌బాల్‌తో ఆగదు. 2025 ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ వాళ్ళు పాతికేళ్ళ లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజిలిస్‌కి ఇచ్చేశారు. షూటింగ్ సగంలో నిర్మాత హీరోని పక్క కంపెనీకి అమ్మేసినట్టు! అభిమానులు స్టేడియం ముందుకి శవపేటిక మోసుకొచ్చారు. బేరం కుదిర్చిన మేనేజరుని తీసేయమని నెలల తరబడి అరిచారు. ఆ నవంబరులో నిజంగానే తీసేశారు. ఈలోగా మే నెలలో విచిత్రం జరిగింది. 1.8 శాతం మాత్రమే ఆశ వున్న లాటరీ ఈ జట్టుకే తగిలి కూపర్ ఫ్లాగ్ అనే కొత్త కుర్రాడు దక్కాడు. హీరో పోయినా విశ్రాంతి తర్వాత తమ్ముడు దిగాడన్నమాట. ఇలాంటి మలుపు మనవాళ్ళు రాస్తే 'నమ్మశక్యంగా లేద'ని సమీక్షల్లో చీల్చేస్తారు.

సరే, శుక్రవారం మధ్యాహ్నం కారెక్కాం. మూడు గంటల ప్రయాణం. దారి పొడుగునా గడ్డి, ఆవులు, మళ్ళీ గడ్డి. బావ ఇటుక రంగు చొక్కా మీద నల్ల కోటు వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకున్నాడు, శత్రుదేశంలోకి వెళ్ళే గూఢచారిలాగా.

కాలేజ్ స్టేషన్ పేరుకి తగ్గట్టు కాలేజీ కోసమే పుట్టిన వూరు. దాని గుడి కైల్ ఫీల్డ్ స్టేడియం. 1,02,733 సీట్లు! మన ఉప్పల్ స్టేడియం జనాన్ని రెండుసార్లు పోసినా ఇంకా ఖాళీ మిగులుతుంది. ఇదంతా కాలేజీ కుర్రాళ్ళ ఆట కోసమేనని గుర్తుంచుకోండి. మన కాలేజీల్లో ఆటలపోటీ అంటే ప్రిన్సిపాల్‌గారు, పీఈటీ మాస్టారు, ఓ కుక్క చూసేవి. అన్నట్టు, కుక్కంటే గుర్తొచ్చింది...

ఎ అండ్ ఎం మస్కట్ ఒక కుక్క. పేరు రెవెలీ. కాలేజీలో కాడెట్ల దళం వుంది. ఆ దళం మొత్తానికీ పెద్ద ర్యాంకు ఈ కుక్కదే. క్లాసులో అది మొరిగితే పాఠం నచ్చలేదని అర్థం, క్లాసు వదిలేయాలి. మంచం మీద పడుకుంటే కాడెట్ కింద పడుకోవాలి. చనిపోయిన రెవెలీలని స్టేడియం ఉత్తరపు గుమ్మం దగ్గర పూడ్చారు, స్కోరుబోర్డు కనిపించేటట్టు! స్టేడియం పెంచినప్పుడు బోర్డు మరుగైపోతే ఆ సమాధుల కోసం వేరే చిన్న స్కోరుబోర్డు పెట్టారు. పోయిన కుక్కలకి కూడా స్కోరు తెలియాలన్న జనం ఎలాంటి జనమో ఆలోచించుకోండి. నాకు మాత్రం నవ్వొచ్చి, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

అక్కడే ఇంకో విగ్రహం వుంది. ఇ.కింగ్ గిల్ అనే విద్యార్థిది. 1922 జనవరిలో ఒక ఆటలో దెబ్బలు తగిలి ఆటగాళ్ళు వరసగా పడిపోతుంటే కోచ్ ఇతన్ని ప్రేక్షకుల్లోంచి పిలిచాడు. ఇతను యూనిఫాం తొడుక్కుని ఆట ముగిసేదాకా పక్కన నిలబడ్డాడు. జట్టు 22-14తో గెలిచింది. తమాషా ఏమిటంటే అతను మైదానంలో దిగనే లేదు! ఊరికే నిలబడ్డాడు, అంతే. జట్టులో పదకొండు మంది ఆడతారు, పన్నెండోవాడు ప్రేక్షకుడు అని ఆనాటి నుంచీ ఆగీల మతం. అందుకే విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు. అవసరమొస్తే దిగుతామని! నేలటిక్కెట్టు ప్రేక్షకుడికి విగ్రహం కట్టిన వూరు ప్రపంచంలో ఇదొక్కటేనేమో.

ఇక అర్ధరాత్రి సంగతి. ఆట ముందురోజు రాత్రి పన్నెండింటికి స్టేడియంలో 'మిడ్‌నైట్ యెల్'. అంటే అరుపుల రిహార్సల్. టిక్కెట్టు లేదు. ఈ కాలేజీకి చీర్‌లీడర్ అమ్మాయిలు లేరు. విద్యార్థులే ఓట్లేసి ఎన్నుకున్న అయిదుగురు తెల్లబట్టల కుర్రాళ్ళు చేతి సైగలు చేస్తుంటే వేలమంది నడుము వంచి, మోకాళ్ళ మీద చేతులానించి, ఒక్క గొంతుతో అరుస్తారు. మధ్యమధ్య అవతలి కాలేజీ మీద పిట్టకథలు. బావ కోటు బొత్తాలు ఇంకోసారి సరిచూసుకున్నాడు. చివర్లో లైట్లు ఆర్పేస్తారు. ఎందుకంటారా? ఎవరి జోడీకి వాళ్ళు ముద్దు పెట్టుకోవడానికి! జోడీ లేనివాళ్ళు లైటరు వెలిగించి పట్టుకోవాలి. ఆ వెలుగు చూసి ఇంకో ఒంటరి ప్రాణి వస్తే వారి అదృష్టం. ఆటలో కూడా అంతే, జట్టు పాయింట్లు కొట్టినప్పుడల్లా ముద్దు. (సెన్సారువారు మన్నించాలి, ఇది నూరేళ్ళ సంప్రదాయం ముసుగులో వుంది.) మావాడు ఫోను లైటు వెలిగించి పైకెత్తాడు. ఆ పక్కనే వాళ్ళ నాన్న. ఏ అమ్మాయి వస్తుంది చెప్పండి? "మావయ్యా, డాడీని కొంచెం అటు తీసుకెళ్ళవా" అని చెవిలో గొణిగాడు.

శనివారం పొద్దున మావాడు మమ్మల్ని ఒక గడ్డిమైదానానికి తీసుకెళ్ళాడు. అక్కడ మాటల్లేవు. గుండ్రంగా పేర్చిన రాళ్ళు, వాటి మధ్య పన్నెండు ద్వారాలు. టెక్సాస్‌తో ఆట ముందు పెద్ద భోగిమంట వేయడం 1909 నుంచి ఆగీల ఆనవాయితీ. విద్యార్థులే చెట్లు నరికి, రాత్రింబవళ్ళు కష్టపడి దుంగలు పేర్చేవారు. 1963లో డాలస్‌లో కెనెడీ హత్య జరిగినప్పుడు మాత్రం పేర్చిన మంట వెలిగించకుండా విప్పేశారు. 1999 నవంబరు 18న తెల్లవారుజామున సుమారు 5 వేల దుంగల ఆ గోపురం పేరుస్తుండగానే కూలిపోయింది. 12 మంది చనిపోయారు. 27 మంది గాయపడ్డారు. ఒక్కొక్క ద్వారం ఒక్కొక్కరిది, వాళ్ళ సొంతవూరు ఏ దిక్కున వుందో ఆ వైపుకి తిరిగి వుంది. యూనివర్సిటీ మళ్ళీ ఆ మంట వేయలేదు. బావ ఒక ద్వారంలో నిలబడి చాలాసేపు అటు చూశాడు. "అప్పుడు నేను ఆస్టిన్‌లోనే వున్నానోయ్. ఆ వారం మేమెవరం వాళ్ళని ఒక్క మాట అనలేదు" అన్నాడు. అనేసి, అసంకల్పితంగా కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

నేను ఆ పన్నెండు ద్వారాలనీ ఇంకా మరచిపోలేదు, డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆరు నెలలకి, 2025 జూన్ 4న, బెంగళూరులో క్రికెట్ కప్పు గెలిచిన సంబరంలో 11 మంది. మనకి ద్వారాలు కట్టే అలవాటు లేదు. రెండో వారానికి మళ్ళీ కలెక్షన్ల లెక్కలు మొదలవుతాయి. రాసేవాళ్ళం మేమే.

రాత్రి ఆట. మావాడు నాకోసం విద్యార్థుల వైపు ఒక అతిథి టిక్కెట్టు సంపాదించాడు. ఎలాగని అడగలేదు. బావకి దొరకలేదు, వాడి గదిలో టీవీ ముందు కూర్చోబెట్టి వెళ్ళాం. మూడున్నర గంటలు నిలబడ్డాను. తిరుపతి క్యూలో కూడా మధ్యలో కూర్చోనిస్తారు! ఆగీల యుద్ధగీతంలో ఒక చోట అందరూ భుజాల మీద చేతులేసుకుని ఎడమకీ కుడికీ వూగుతారు. లక్షమంది ఒక్కసారి వూగితే కింద సిమెంటు మెట్లు నిజంగానే కదులుతాయి. నేను వూగలేదు, పక్కవాళ్ళు నన్ను వూపారు.

ఆట మాత్రం ఏకపక్షం. ఫస్టాఫ్‌కే టెక్సాస్ 17-0. సెకండాఫ్‌లో ఆగీ కుర్రాడు విల్ లీ అవతలివాడు విసిరిన బంతిని గాల్లో అందుకుని 93 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రాత్రికి ఆగీలకి అదొక్కటే. ముద్దూ అదొక్కటే. నాకూ మావాడికీ అదీ లేదు, ఒకరి మొహం ఒకరం చూసుకుని చేతులు కలిపాం. 17-7.

ఓడిపోయాక జనం వెళ్ళిపోతారనుకున్నాను. విద్యార్థులు కదల్లేదు! ఓడినా సరే, అక్కడే నిలబడి వచ్చే ఆట కోసం మళ్ళీ అరుపుల రిహార్సల్ చేశారు. "ఓడిపోయాం కదరా" అన్నాను. "ఆగీలు ఓడిపోరు మావయ్యా. టైమ్ అయిపోతుంది, అంతే" అన్నాడు సీరియస్‌గా. ఇది వాళ్ళ పాత సామెత. ఫ్లాపు సినిమాకి నిర్మాత ఇచ్చే సంజాయిషీ కంటే చాలా బాగుంది కదూ?

ఇంత భక్తీ దేని మీద నిలబడిందో కూడా చెప్పాలి. 2021 దాకా ఆ కుర్రాళ్ళకి స్కాలర్‌షిప్పు తప్ప పైసా లేదు. ప్రకటనల్లో కనిపించి సంపాదించుకునే హక్కు ఆ జూలైలో వచ్చింది. 2025 జూలై నుంచి కాలేజీయే ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు దాకా ఆటగాళ్ళకి పంచవచ్చు. ఆలస్యమైనా న్యాయం. లక్ష టిక్కెట్లు అమ్ముకుంటూ ఆడేవాడికి పుస్తకాలు మాత్రం ఇస్తామనడం, వంద రోజుల సినిమా హీరోకి టిఫిను పెట్టి పంపించినట్టు! ఇక కోచ్‌ల కథ వేరు. ఇదే ఎ అండ్ ఎం వారు 2023 నవంబరులో జింబో ఫిషర్ అనే కోచ్‌ని తీసేశారు. ఒప్పందం ప్రకారం, ఇక రావద్దన్నందుకు, ఆయనకి ఇవ్వాల్సింది ఏడున్నర కోట్ల డాలర్లకి పైనే. పనిచేయకపోవడానికి అంత ఇచ్చే ఉద్యోగం ఎక్కడైనా ఖాళీ వుంటే ఈ ఫ్రీలాన్సరుకి ఒక కార్డు ముక్క రాయండి.

అన్నట్టు, డాలస్ వాళ్ళకి క్రికెట్ కూడా వచ్చింది. గ్రాండ్ ప్రైరీలో పాత బేస్‌బాల్ మైదానాన్ని మార్చి 2023 జూలైలో లీగు మొదలెట్టారు. 2024 జూన్ 6న అక్కడే ప్రపంచకప్పులో అమెరికా పాకిస్థాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది. ఆ ఓవరు వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ముంబయి కుర్రాడు, ఒరాకిల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. బావ ఆ రోజు స్టేడియంలోనే వున్నాడు. "మా ప్రొఫెషన్ వాడోయ్!" అని ఇప్పటికీ తనే బౌలింగు వేసినట్టు చెబుతాడు.

ఆ శనివారం రాత్రి గదికి తిరిగొచ్చేసరికి గెలిచిన బావ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చుని వున్నాడు. ఒక్క మాట అనలేదు. "పదండి, ఆకలేస్తోంది" అన్నాడు. అంతే.

2025లో కథ మరింత రక్తి కట్టింది. ఆగీలు వరసగా పదకొండు ఆటలు గెలిచారు. పన్నెండోది ఆస్టిన్‌లో టెక్సాస్‌తో, 17-27తో ఓడారు. కానీ మొదటిసారి జాతీయ ప్లే-ఆఫ్‌లోకి వెళ్ళారు. గెలిచిన టెక్సాస్‌కి అందులో చోటు దొరకలేదు! డిసెంబరు 20న కైల్ ఫీల్డ్‌లో మయామీతో ఆట. ఆ రాత్రి, అంటే మనకి ఆదివారం పొద్దున, అక్కయ్య ఫోను చేసింది. బావ పొద్దున్నే తనంతట తానే బీరువా తీసి, కత్తెర అడిగి, టీషర్టుకున్న ధర చీటీ కత్తిరించాడట. తొడుక్కుని కొడుకు పక్కన నిలబడి చూశాడట, చివరిదాకా కూర్చోకుండా.

"గెలిచారా మరి?" అన్నాను.

"ఎక్కడరా, 10-3తో పోయింది. మీ బావ ఆ చొక్కా అచ్చి రాలేదని మళ్ళీ మడతపెట్టి బీరువాలో పెట్టేశారు. వాడేమో వచ్చే ఏడు దాకా వుతకొద్దంటున్నాడు."